రజాకారు, నవాబు, మా ఊరి సాయిబు

మా అక్క కొడుకు గ్రూప్స్ పరీక్షలకు చదువుతూ నల్లగొండలో గది తీసుకుని ఉంటున్నాడు. తలుపు తెరిస్తే ఎదురుగా లతీఫ్ సాహెబ్ గుట్ట. తెలంగాణ చరిత్ర పేపర్లో సాహిత్యం మీద కూడా ప్రశ్నలు వస్తాయని ఎవరో చెబితే, నా దగ్గరున్న నవలలు అడిగి పట్టుకెళ్లాడు. 'ప్రజల మనిషి', 'చిల్లర దేవుళ్లు', 'మోదుగుపూలు'. ఇరవై రోజుల తర్వాత తిరిగి తెచ్చి బల్ల మీద పెట్టి, "మామూ, ఇండ్ల మన తాత ఏడున్నడు?" అన్నాడు.

నవ్వుతూనే అడిగాడు. నాకు నవ్వు రాలేదు. ఆ నవలలన్నీ నేను డిగ్రీలో ఉన్నప్పుడే చదివాను. చదివి ఎర్రజెండాలా ఉప్పొంగినవాణ్ణే. అప్పుడు ఈ ప్రశ్న నాకెందుకు తట్టలేదో తెలియదు. అందుకే మొన్నటి వానాకాలమంతా కూర్చుని వాటిని మళ్లీ చదివాను. అంతటితో ఆగకుండా, అదే కాలం మీద ఉర్దూలో వచ్చిన నవలలు కూడా దించి చదివాను. నా చదువు ఉర్దూ బడిలో మొదలై తెలుగు కాలేజీలో ముగిసింది. పొద్దున తెలుగు వార్తను ఉర్దూలోకి, సాయంత్రం ఉర్దూ వార్తను తెలుగులోకి మార్చడం నా బతుకుతెరువు. కాబట్టి రెండు గదుల్లోకీ తొంగి చూసే వీలు నాకుంది. చూసిందేమిటో ఉన్నదున్నట్టు చెబుతాను. పెద్ద రచయితల మీద చిన్నవాడి అభిప్రాయాలనుకుని కోపగించుకోకుండా చదవండి.

ముందు మా తాత సంగతి చెప్పాలి. ఆయన నవాబు కాదు, జాగీర్దారు కాదు. దేవరకొండ వైపు ఒక పల్లెలో రెండెకరాల ఎర్ర చెలక, ఒక బావిలో వాటా. జొన్న, ఆముదం వేసేవాడు. మా నానీ పుట్టిల్లు కల్వకుర్తి వైపు. వాళ్లు దూది ఏకేవాళ్లు. కరువొస్తే గుంపు మేస్త్రీ వెంట మట్టిపనికి పోయేవాళ్లు. మన పీఠభూమిలో ముసల్మాను అంటే ఎక్కువమంది ఇటువంటివాళ్లే. జట్కా తోలినవాళ్లు, గాజులు మలారం మోసినవాళ్లు, మాంసం కొట్టినవాళ్లు, పీర్ల చావడి ఊడ్చినవాళ్లు, కౌలుకు చేసినవాళ్లు. ఇంట్లో దఖ్నీ, గడప దాటితే తెలుగు. ఊళ్లో వాళ్లు "సాయిబు మామా" అంటే, వీళ్లు "ఏం బావా" అనేవాళ్లు. పీర్లు లేచినప్పుడు గుండం చుట్టూ అలాయి ఆడింది అందరూ. ఈ మనిషిని నవలల్లో వెతుకుదామని నేను బయల్దేరాను.

వట్టికోట ఆళ్వారుస్వామితో మొదలుపెట్టాను. ఆయన మా జిల్లావాడు. 1915లో నకిరేకల్ దగ్గరి మాధవరంలో పుట్టాడు. వంట చేశాడు, హోటల్లో కప్పులు అందించాడు. 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి పుస్తకాల మూట మోసుకుని ఊరూరా తిరిగాడు. జైలు చూశాడు. 1961లో, 45 ఏళ్లకే వెళ్లిపోయాడు. ఆయన రెండో నవల 'గంగు' సగంలోనే ఆగింది. 'ప్రజల మనిషి'ని ఈసారి చదువుతుంటే నాకు మొదటిసారి కంటే ఎక్కువ నచ్చింది. అందులో కంఠీరవం అనే కథానాయకుడు కాస్త ఉపన్యాసకుడు, అది ఒప్పుకోవాలి. పేజీలకు పేజీలు బుద్ధులు చెబుతాడు. కానీ 1930ల చివర తెలంగాణ పల్లెల్లో సాగిన మతమార్పిడి గొడవను రచయిత పట్టుకున్న తీరు చూడండి. దాన్ని వెట్టి నుంచి, భూమి నుంచి విడదీసి చూడలేదు. వెట్టి చేసేవాడు మతం మారితే తమ పనికి ఎవడొస్తాడన్న దొరల దిగులును దాచలేదు. ఇవాళ మతమార్పిడి మాటెత్తితే చాలు ఊగిపోయేవాళ్లు ఈ నవల ఒక్కసారి చదవాలి.

నాకున్న ఫిర్యాదు వేరే. అందులో మంచి ముసల్మానులు కనిపిస్తారు, చెడ్డవాళ్లూ కనిపిస్తారు. కానీ కథ వాళ్ల ఇంటి గడప దాటి లోపలికి పోదు. వాళ్ల పొయ్యి మీద ఏముందో, పిల్ల పెళ్లికి అప్పు ఎక్కడ దొరికిందో మనకు తెలియదు. రామభూపాలరావు దొర గడిలో ప్రతి మూల మనకు తెలుస్తుంది. సాయిబు గుడిసె తలుపు మాత్రం వేసే ఉంటుంది.

దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్లు' 1969లో వచ్చింది. తెలంగాణ మాటను నవల నిండా ధైర్యంగా పెట్టిన మనిషి ఆయన. దానికి నా సలాము. ఆంధ్ర నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చిన సంగీతం పంతులు పాణి కళ్లతో మనకు మన ఊరే చూపిస్తాడు. బయటివాడు చూస్తే తప్ప మన వెట్టి మనకు వింతగా కనబడదు కదా, ఆ ఎత్తుగడ బాగుంది. ఆడపాప వనజ కథ చదివి ఈసారీ నాకు గొంతు పట్టుకుంది. కూతురి పెళ్లికి బిందెలతోపాటు ఒక ఆడపిల్లను కూడా పంపే ఆచారం మీద అంతకు ముందు ఇంత సూటిగా రాసిన నవల నేను చదవలేదు. ప్రేమ వ్యవహారాల దగ్గర మాత్రం కథ సినిమా దారి పడుతుంది. ఆ తర్వాత అది సినిమా అయింది కూడా.

ఇక ఉర్దూ మాటల సంగతి. రంగాచార్య నవలల్లో ఉర్దూ దండిగా ఉంది. కానీ ఏ ఉర్దూ? అమీను, గిర్దావరు, తహసీలు, మాలీ పటేలు, పంచనామా, జప్తు. అంతా కచేరీ ఉర్దూ. భయపెట్టే ఉర్దూ. చదివేవాడికి ఉర్దూ అంటే కొరడా చప్పుడులా వినిపిస్తుంది. అది అబద్ధం కాదు. నిజాం రాజ్యంలో కచేరీ భాష ఉర్దూ, 1918లో మొదలైన ఉస్మానియా చదువు కూడా ఉర్దూలోనే. బుక్కెడు తెలుగు చదువుకోవడానికి జనం ఎంత తన్నుకులాడారో సురవరం ప్రతాపరెడ్డి 1926లో పెట్టిన గోలకొండ పత్రిక చరిత్రే సాక్ష్యం. పాలమూరు జిల్లాలో పుట్టిన ఆ సురవరానికి ఉర్దూ, ఫారసీ రెండూ బాగా వచ్చు. కాబట్టి ఆ తగవు భాషతో కాదు, భాషను పట్టుకుని ఏలినవాడితో. కానీ మా నానీ దూది ఏకుతూ పాడుకున్న మాట, పిల్లకు జ్వరమొస్తే దువా చదివిన మాట కూడా ఆ భాషే. ఆ మాట ఈ నవలల్లో నాకు వినబడలేదు.

'చిల్లర దేవుళ్లు', 'మోదుగుపూలు', 'జనపదం' వరసగా చదివితే పోరాటానికి ముందు, పోరాటం, పోలీసు చర్య తర్వాత అని మూడు కాలాలు దాటుతాం. మూడోదాన్ని నేను పెన్సిలు పట్టుకుని చదివాను. భూమి ఎవరి చేతికి తిరిగి వెళ్లిందో, దొరలు ఖద్దరు టోపీలు ఎట్లా పెట్టారో అందులో బాగా ఉంది. నేను వెతికిన పేజీ మాత్రం దొరకలేదు. ఆ పేజీ ఏమిటో తర్వాత చెబుతాను.

కోస్తా నుంచి రాసినవాళ్లలో బొల్లిముంత శివరామకృష్ణ 'మృత్యుంజయులు' 1947లోనే వచ్చింది. పోరాటం వేడిలో రాసిన నవల, వేడే దాని బలం. మహీధర రామమోహనరావు 'ఓనమాలు', 'మృత్యువు నీడల్లో' రెండూ ఆలోచన ఉన్న నవలలు, కానీ నాకవి రిపోర్టు చదివినట్టుంటాయి. వీటిలో రజాకారు వస్తాడు, ఊరు తగలబెడతాడు. గుండ్రాంపల్లిలో, బైరాన్‌పల్లిలో రజాకార్లు చేసింది చరిత్ర. దాన్ని తక్కువ చేసి మాట్లాడటం నా ఉద్దేశం కాదు. మా తాత దాయాదుల్లోనే ఒకడు ఖాకీ వేసుకుని ఊళ్లోకొచ్చి కోళ్లు పట్టుకుపోయాడట. "షర్మ్ కీ బాత్" అని నానీ ఆ పేరు కూడా ఎత్తేది కాదు. కానీ ఆ రజాకారును ఇంటికి రానివ్వని సాయిబు కూడా అదే ఊళ్లో ఉన్నాడు కదా. అతనే మా తాత. నవలకు మొదటివాడు అవసరమయ్యాడు, రెండోవాడు అవసరం లేకపోయాడు.

ఇంకో విచిత్రం చూడండి. ఈ నవలలన్నిటికంటే ముందు తెలుగు సాహిత్యం ఒక సాయిబు రైతును నెత్తిన పెట్టుకుంది. షేక్ బందగీ. అప్పటి నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలోని కామారెడ్డిగూడెం ఆయన ఊరు. విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి ఇలాకా అది. ఆ దేశ్‌ముఖ్ కింద 40 వేల ఎకరాలని, సూర్యాపేట జన్నారెడ్డి ప్రతాపరెడ్డి కింద లక్షన్నర ఎకరాలని పుచ్చలపల్లి సుందరయ్య తన పుస్తకంలో లెక్క రాశారు. బందగీకి నాలుగెకరాల తగాదా. ఎదుటివాడు పరాయివాడు కాదు, సొంతవాడే, అబ్బాస్ అలీ. దేశ్‌ముఖ్ అబ్బాస్ అలీ వైపు నిలబడ్డాడు. బందగీ కోర్టుకెక్కాడు, ఏళ్ల తరబడి తిరిగాడు, గెలిచాడు. 1940ల మొదట్లో ఒక పొద్దున జనగామ కోర్టుకు బయల్దేరినవాణ్ణి రోడ్డు మీదే దొర గుండాలు నరికి చంపారు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరగడానికి ఏళ్ల ముందటి మాట ఇది. సుంకర, వాసిరెడ్డి ద్వయం రాసిన 'మా భూమి' నాటకానికి ఈ బందగీ కథే ప్రేరణ. ప్రజానాట్యమండలి దాన్ని ఊరూరా ఆడింది. బందగీ సమాధి దగ్గర ఏటా జనం కూడారు. కులం లేదు, మతం లేదు, అందరూ వచ్చి దండం పెట్టుకున్నారు.

అంటే 1947లో తెలుగు ప్రేక్షకుడు ఒక ముసల్మాను రైతు కోసం ఏడ్చాడు. ఆ సాయిబు నాటకంలో నుంచి నవలలోకి ఎందుకు నడిచి రాలేకపోయాడు? నాకు తోచింది చెబుతాను. నాటకం పోరాటం మధ్యలో పుట్టింది. అప్పుడు శత్రువు ఎవరో అందరికీ తెలుసు, దొర. నవలలు చాలామటుకు 1948 తర్వాత రాసినవి. అప్పటికి కథ మారిపోయింది. దొర కాంగ్రెసులో చేరాడు, నిజాం రాజ్‌ప్రముఖ్ అయ్యాడు, శత్రువుగా మిగిలింది టోపీ పెట్టుకున్న రజాకారు. రచయితలు దురుద్దేశంతో చేశారని నేను అనను. వాళ్లలో చాలామంది జైళ్లకు వెళ్లినవాళ్లు, ఉర్దూ ప్రేమించినవాళ్లు. కానీ కాలం వాళ్ల చేతిలోని కలాన్ని కొంచెం పక్కకు జరిపింది.

ఇక మావాళ్లు ఏం చేశారు? ఇక్కడ నేనింకా కఠినంగా ఉండాలి, సొంత ఇల్లు కనుక.

అజీజ్ అహ్మద్ 'ఐసీ బులందీ ఐసీ పస్తీ' హైదరాబాదు పెద్దింటి కుటుంబాల నవల. కొండ మీద బంగళాలు, విందులు, వివాహాలు, విడాకులు. రాసిన చెయ్యి గొప్పది. ఆ బంగళాల బియ్యం ఏ ఊరి నుంచి వస్తుందో మాత్రం ఆ నవలకు పట్టదు. జీలానీ బానో 'ఐవాన్-ఎ-గజల్' 1976లో వచ్చింది. అదే కూలిపోతున్న ప్రపంచాన్ని ఆమె ఆడవాళ్ల వైపు నుంచి చూసింది. చాంద్, గజల్ ఇద్దరి బతుకులూ చదివితే నవాబీ తహజీబ్ అని మనం మురిసిపోయేదాని కింద ఎంతమంది ఆడపిల్లలు నలిగారో తెలుస్తుంది. హైదరాబాదు మీద నాకు నచ్చిన ఉర్దూ నవల ఏదంటే ఇదే అంటాను. కానీ అందులోనూ నల్లగొండ, పాలమూరు అంటే శిస్తు వచ్చే చోటు, విప్లవం వినిపించే చోటు. అంతే.

పల్లెను ఉర్దూ నవలకు నాయకురాలిగా చేసినవాడు కిషన్ చందర్. 'జబ్ ఖేత్ జాగే' 1952 నవల. రాఘవరావు అనే 22 ఏళ్ల రైతు కుర్రాడు, తెల్లారితే ఉరి. ఆ రాత్రి తన బతుకంతా నెమరేసుకుంటాడు. గౌతమ్ ఘోష్, బి. నర్సింగరావు 1979లో తీసిన 'మా భూమి' సినిమాకు ఇదే ఆధారం. నాటకం పేరు, ఉర్దూ నవల కథ కలిసి తెలుగు సినిమా అయ్యాయన్నమాట. రాఘవరావుకు పట్నంలో అక్షరం నేర్పి, సంఘం నేర్పింది మక్బూల్ అనే కార్మికుడు. ఇది నాకు సంతోషం కలిగించింది. అయితే నిజం చెప్పాలి, ఆ నవలలోని పొలాలు నావి కావు. కిషన్ చందర్ బాల్యం పూంఛ్ కొండల్లో గడిచింది. ఆయన వర్ణనలో గాలి చల్లగా ఉంటుంది. మా చెలకలో గాలి చల్లగా ఉండదు. ఎండకు రాళ్లు పగిలే చోటు అది. పైగా మక్బూల్ కూడా పట్నం మనిషే. ఉర్దూలో పల్లె గురించి రాసినా ముసల్మాను పట్నంలోనే ఉంటాడు, రైతు హిందువే అవుతాడు. ఈ పంపకం ఎవరు చేశారో గాని రెండు భాషలూ ఒప్పుకున్నాయి.

దాన్ని ఒప్పుకోనిది మళ్లీ జీలానీ బానోనే. 1985 నాటి 'బారిష్-ఎ-సంగ్'లో మస్తాన్ కుటుంబం ఉంది. దొర దగ్గర అప్పు, అప్పు కింద జీతం, జీతం కింద తరతరాల కట్టుబానిసత్వం. దొర రెడ్డి, జీతగాడు ముసల్మాను. ఈ నవల తెరిచినప్పుడు నాకు మా ఊరి బావి గట్టు మీద కూర్చున్నట్టయింది. లోపం లేదా అంటే ఉంది. విషాదం మీద విషాదం పేర్చుకుంటూ పోతుంది, ఊపిరి తిరగనివ్వదు. మనవాళ్లు అంత కష్టంలోనూ జోకులేసుకుంటారు, పీర్ల పండుగకు ఎగురుతారు, ఆ నవ్వు తక్కువ. నవల ఉర్దూ కనుక దొరతో మాట కూడా ఉర్దూలోనే నడుస్తుంది. మా తాత దొరతో మాట్లాడింది తెలుగులో, తల వంచుకుని. ఆ తల వంపు తెలుగులో ఉంది. "నీ బాంచెన్" అన్న మాటను ఏ భాషలోకి మారుస్తారు?

ఇప్పుడు నాకు దొరకని ఆ పేజీ సంగతి.

1948 సెప్టెంబరు 13 నుంచి 17 దాకా జరిగినదానికి మన ఊళ్లలో ఎన్ని పేర్లు! తెలుగు ముసలివాళ్లు ఆ రోజులను "రజాకార్ల టైం" అంటారు. మా ముసలివాళ్లు "పులీస్ యాక్షన్ కా వఖ్త్" అంటారు. ఉర్దూ పండితులు సుకూత్-ఎ-హైదరాబాద్, అంటే హైదరాబాదు పతనం అన్నారు. పార్టీలు విమోచనమని, విలీనమని, విద్రోహమని తన్నుకుంటూనే ఉన్నాయి. ఒకే సంవత్సరం, ఒకే ఊరు. ఒకరు ముందు జరిగిందాంతో లెక్క పెడతారు, ఇంకొకరు తర్వాత జరిగిందాంతో.

మా నానీకి అప్పుడు పదేళ్లు. ఆమె పులీస్ యాక్షన్ అనేది కాదు. "గడ్‌బడ్ కే దినాఁ" అనేది. సైన్యం వచ్చిందన్న కబురు తర్వాత పొరుగూళ్ల నుంచి గుంపులు బయల్దేరాయి. వీళ్ల పక్కింటి గొల్లామె, నానీ వాళ్ల అమ్మను, ముగ్గురు పిల్లలను గరిసెలో కూర్చోబెట్టి పైన జొన్నచొప్ప కప్పిందట. మూడో రోజు గుంపు ఇంట్లోకే వచ్చింది. బయటికి రాక తప్పలేదు. గొల్లామె తన నొసటి బొట్టు తీసి ఆమెకు పెట్టి "మా ఆడిబిడ్డ, కాన్పుకొచ్చింది" అన్నదట. వాళ్లు వెళ్లిపోయారు. అప్పటి నుంచి రెండిళ్లకూ వదినె వరస. మా చిన్నప్పుడు కూడా ఆ ఇంటివాళ్లు పెండ్లికొస్తే ఆడబిడ్డ కట్నం ఇచ్చిపోయేవాళ్లు. నానీ తండ్రి మాత్రం తిరిగి రాలేదు. ఆయన దూది మూట పట్టుకుని సంతకు పోయాడు. ఎక్కడ, ఎవరు, ఏమీ తెలియదు. మయ్యత్ లేదు, కబరు లేదు.

నెహ్రూ ప్రభుత్వం పంపిన పండిత్ సుందర్‌లాల్, కాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ 1948 నవంబరు, డిసెంబరుల్లో రాష్ట్రమంతా తిరిగి నివేదిక ఇచ్చారు. తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని వాళ్ల అంచనా. ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు ఎక్కువ దెబ్బతిన్న జిల్లాలు. ఆ తర్వాతి వరసలో ఔరంగాబాదు, బీడు, మెదక్‌తోపాటు మా నల్లగొండ పేరుంది. హిందువులు ప్రాణాలకు తెగించి ముసల్మానులను కాపాడిన సంగతులు కూడా అందులో రాశారు. ఆ నివేదిక దశాబ్దాలపాటు బయటికి రాలేదు. 2013లో గాని ఢిల్లీలో జనం చూడటానికి వీలు కాలేదు. సరే, సర్కారు దాచింది. నవలను ఎవరు దాచమన్నారు? గొల్లామె బొట్టు సర్కారు రహస్యం కాదే. నాలుగిళ్ల అవతల కూర్చుని రాసేవాడికి అది వినబడలేదా?

వినబడకపోవడంలో మా తప్పు కూడా ఉంది. మేం చెప్పలేదు. అప్పట్లో చెబితే రజాకారు ముద్ర పడుతుందని భయం. చదువుకున్నవాళ్లు కొందరు పాకిస్తాను పోయారు, కొందరు పట్నం పోయి పోయిన నవాబీ కోసం కన్నీళ్ల గజళ్లు రాసుకున్నారు. పల్లెలో మిగిలినవాడికి ఉర్దూ రాయను రాదు, తెలుగు రాయను భయం. 1986లో స్త్రీశక్తి సంఘటన వాళ్లు 'మనకు తెలియని మన చరిత్ర' వేసినప్పుడు జమాలున్నీసా బాజీ, రజియా బేగం తమ కథలు చెప్పుకున్నారు. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' వచ్చాక మావాళ్ల నోరు పెగిలింది. 1998లో 'జల్‌జలా' కవితలు, 2004లో 'వతన్' కథలు వచ్చాయి. ఆ రెండిటినీ మోసుకొచ్చిన స్కైబాబ మా నల్లగొండవాడే. సలీం 'వెండి మేఘం' ముస్లిం ఇంటి తలుపు తెరిచిన నవల. నాకు నచ్చింది, కానీ అది ఈ పీఠభూమి కథ కాదు. కవిత మంటలా వచ్చింది, కథ కన్నీరులా వచ్చింది. నల్లగొండ సాయిబు మూడు తరాల నవల నాకింకా చేతికి రాలేదు. రెండు భాషలు వచ్చిన నేను ఇరవై ఏళ్లుగా మంత్రుల ప్రకటనలు అటు నుంచి ఇటు మారుస్తూ కూర్చున్నాను. ఇంకొకరిని అడిగే హక్కు నాకెంత ఉందో మీరే అనుకోండి.

నానీ పోయి ఆరేళ్లయింది. ఆమె మాటలను నేను ఒక్కసారి కూడా రికార్డు చేయలేదు.

అక్క కొడుక్కి ఉర్దూ చదవడం రాదు, మాట్లాడటమే వచ్చు. 'బారిష్-ఎ-సంగ్' గురించి చెబితే "చదివి వినిపించు మామూ" అన్నాడు. ఇప్పుడు ప్రతి ఆదివారం వస్తున్నాడు. ఇంట్లో మాటలను దఖ్నీలో, దొర ముందు మాటలను మా ఊరి తెలుగులో చదువుతున్నాను. ఎక్కడైనా నేను పుస్తకం తెలుగు మాట్లాడితే ఆపి, "తాత గిట్లనడు మామూ" అంటాడు. మళ్లీ వెనక్కి వెళ్లి చదువుతాను. నాలుగు వారాల్లో యాభై పేజీలు కూడా దాటలేదు.